ఎకరం మట్టిలో ఎన్ని గ్రాముల కాడ్మియం? బెంగళూరు ఆకుకూరల భయాన్ని లెక్కేసి చూస్తే

మడివాళ మార్కెట్లో నేను ఆకుకూరలు కొనే ఆమెది కోలార్ దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగే, బేరం మాత్రం ఎవరి భాషలో వాళ్లతో. పోయిన నెల పాలకూర కట్ట చేతిలోకి తీసుకుని మళ్లీ గంపలో పెట్టేశాను. ఆమె కనిపెట్టేసింది. "మీకూ ఆ వీడియో వచ్చిందా అక్కా?" అంది. బెంగళూరులో అమ్మే కూరగాయలన్నీ మురుగునీటితో పండినవే, వాటిలో కాడ్మియం లాంటి లోహాలున్నాయి, తింటే కిడ్నీలు పోతాయి అని చెప్పే వీడియో. వచ్చిందన్నాను. "మా ఊళ్లో బోరు వెయ్యి అడుగులు దించినా దుమ్మే వచ్చేది. చెరువులోకి ఆ నీళ్లొచ్చాకే ఈ కూర. అది వద్దంటే ఏం పెట్టుకోవాలి మేము?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక వెతకడం మొదలుపెట్టాను. వెతికిన కొద్దీ ఒకటి అర్థమైంది. ఈ విషయం మీద వచ్చే వార్తల్లో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోతున్నాయి. మట్టిలో లోహం ఎంత ఉంది? అందులో మొక్క తీసుకోగలిగింది ఎంత? మన ఒంట్లోకి వెళ్లేది ఎంత? మొదటి అంకె పెద్దదైనంత మాత్రాన మూడోది పెద్దది కానక్కర్లేదు. అలాగే మొదటిది చిన్నదిగా ఉందని మూడో దాని గురించి నిశ్చింతగా ఉండటానికీ లేదు.

పంటకు కావలసిన లోహం, ఎవరికీ అక్కర్లేని లోహం

భారలోహాలు అనే మాట వినగానే విషం గుర్తొస్తుంది. కానీ జింక్, రాగి, మాంగనీసు, నికెల్ కూడా ఆ జాబితాలోవే, అవి లేకపోతే మొక్క బతకదు. వరికి జింక్ సల్ఫేట్ వేసే రైతులు చాలామంది. ఇవి చిటికెడు ఉంటే పోషకం, మోతాదు దాటితే హాని.

కాడ్మియం, సీసం, పాదరసం అలా కాదు. వీటితో మొక్కకు గాని, మనిషికి గాని పని లేదు. ఆర్సెనిక్ నిజానికి పూర్తి లోహం కాకపోయినా హాని విషయంలో వీటితోనే లెక్కేస్తారు. క్రోమియం కథ ఇంకా చిక్కు. దానికి ముఖ్యంగా రెండు రూపాలు, క్రోమియం-3, క్రోమియం-6. తోళ్లు ఊనడానికి వాడే క్రోమియం-3 నీటిలో పెద్దగా కరగదు, హానీ తక్కువ. క్రోమియం-6 సులువుగా కరుగుతుంది, క్యాన్సర్ కారకం. అందుకే "క్రోమియం దొరికింది" అన్న వార్త సగం వార్తే. చెన్నై నుంచి బెంగళూరు వచ్చే దారిలోని రాణిపేటలో దశాబ్దాలుగా పేరుకున్న క్రోమియం వ్యర్థాల గుట్ట చుట్టూ ఇంత ఆందోళన ఉండటానికి కారణం, అక్కడున్నది క్రోమియం-6 కావడమే.

కొలత పీపీఎంలో చెబుతారు. ఒక పీపీఎం అంటే కిలో మట్టిలో ఒక మిల్లీగ్రాము, టన్నులో ఒక గ్రాము. ట్రాక్టర్ ట్రాలీలో మూడు టన్నుల మట్టి ఉంటే, అందులో ఒక పీపీఎం కాడ్మియం అంటే మూడు గ్రాములు. చిన్న పిల్లల ఉంగరం బరువు. మామూలు నేలల్లో కాడ్మియం అంత కూడా ఉండదు, ఒక పీపీఎం లోపే. సీసం మాత్రం రాళ్లలోంచే పదుల పీపీఎంల్లో వస్తుంది. మట్టిలో సీసం కనబడటం వింత కాదు. ఆ నేలకు సహజంగా ఉండాల్సిన దానికంటే ఎంత ఎక్కువ ఉందన్నదే చూడాలి.

బెంగళూరు నీళ్లు ఎటు పోతాయి

బెంగళూరు గుట్ట మీద కట్టిన ఊరు. ఇక్కడ పెద్ద నది లేదు. కావేరి నుంచి పైకి తోడిన నీళ్లు ఇళ్లలో వాడాక లోయల్లోకి దిగుతాయి. పడమటి వైపు వృషభావతి. బసవనగుడి పెద్ద బసవన్న దగ్గర పుట్టిందని చెప్పుకునే ఏరు ఇది. పీణ్య పారిశ్రామికవాడ వైపు నుంచి వచ్చే నీరూ ఇందులోకే చేరి, బిడది దగ్గరి బైరమంగళ చెరువు మీదుగా అర్కావతిలో, అక్కడి నుంచి కావేరిలో కలుస్తుంది. పీణ్యలో లోహాలకు పూత పూసే చిన్న (ప్లేటింగ్) యూనిట్లు చాలా ఉన్నాయి. క్రోమియం, నికెల్, జింక్ వాటి రోజువారీ సరుకు.

తూర్పు వైపు కోరమంగల-చల్లఘట్ట లోయ, అంటే కేసీ వ్యాలీ. బెల్లందూరు, వర్తూరు చెరువులు ఇందులోవే. ఇటు ఎక్కువగా దిగేది ఇళ్ల మురుగు. ఇళ్ల మురుగులో లోహాలు ఉండవని కాదు. పైపుల నుంచి జింక్, రాగి వస్తాయి, టైర్ల అరుగుడు, రోడ్డు దుమ్ము వానతో కొట్టుకొస్తాయి. అయినా ప్లేటింగ్ యూనిట్ వదిలే నీటికి, ఇంటి మురుగుకు పోలిక లేదు. వృషభావతి ఫోటో పెట్టి కోలార్ కూర గురించి మాట్లాడే వీడియోలు ఈ తేడాను పూర్తిగా మింగేస్తాయి.

ఈ కేసీ వ్యాలీ నీటినే రెండో దశ వరకు శుద్ధి చేసి (అంటే బురద దించి, సూక్ష్మజీవులతో మురికిని విరిచి), రోజుకు 44 కోట్ల లీటర్ల లక్ష్యంతో, కోలార్ జిల్లా చెరువులు నింపే పథకం 2018లో మొదలైంది. తొలి చెరువు లక్ష్మీసాగర. కొన్ని వారాల్లోనే నరసాపుర వైపు నురగ కనిపించింది, గొడవ హైకోర్టుకెళ్లింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చి, తర్వాత ఎత్తేసింది. ఆ నురగ చూసే చాలామంది లోహాల భయం పట్టుకున్నారు. నురగకు ప్రధాన కారణం డిటర్జెంట్లు. కాడ్మియం ఉన్న నీరు నురగ కక్కదు, రంగు మారదు, వాసనా రాదు.

ఎకరానికి ఒక ఖాతా

నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టిన లెక్క ఇది. ఎకరం పొలంలో పై ఆరు అంగుళాల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అంటే ఆ ఎకరంలో కాడ్మియం ఒక పీపీఎం పెరగాలంటే 900 గ్రాములు వచ్చి చేరాలి.

ఇప్పుడు నీళ్లు. ఏడాదిలో అర మీటరు లోతు నీరు పారించామనుకుందాం. ఎకరానికి అది 20 లక్షల లీటర్లు. సాగునీటిలో కాడ్మియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) మార్గదర్శకం. సరిగ్గా ఆ గీత మీదున్న నీరే అనుకుంటే, ఏడాదికి 20 గ్రాములు మట్టిలోకి వస్తాయి. ఆ లెక్కన ఒక పీపీఎం పెరగడానికి 45 ఏళ్లు పడుతుంది. నీటిలో అయిదు రెట్లు ఎక్కువుంటే తొమ్మిదేళ్లు చాలు.

మరి పంటతో పాటు బయటికి పోయేది? పది టన్నుల పాలకూర కోశాం, కిలోకు 0.2 మిల్లీగ్రాముల కాడ్మియం ఉంది అనుకుందాం. మొత్తం రెండు గ్రాములు. వచ్చేది 20, పోయేది 2. పురుగుమందు ఎండకు, సూక్ష్మజీవులకు విరిగిపోతుంది. కాడ్మియం విరగదు, కుళ్లదు, ఆవిరి కాదు. ఇసుక నేలల్లో కొంత కిందికి దిగుతుంది తప్ప, ఈ ఖాతాలో జమే గాని ఖర్చు దాదాపు ఉండదు.

నీరొక్కటే కాదు. పట్టణ చెత్త నుంచి చేసే సిటీ కంపోస్టులో కాడ్మియం 5 పీపీఎం, సీసం 100 పీపీఎం దాకా ఉండొచ్చని మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు అనుమతిస్తుంది. ఆ గరిష్ఠ పరిమితిలో ఉన్న కంపోస్టు ఎకరానికి అయిదు టన్నులు వేస్తే 25 గ్రాముల కాడ్మియం, అర కిలో సీసం. ఏడాది నీళ్లు తెచ్చిన దానికంటే ఎక్కువ! డీఏపీ మీద కూడా వేలెత్తి చూపుతారు, ఎందుకంటే ఫాస్ఫేటు రాయిలో సహజంగానే కాడ్మియం ఉంటుంది. యూరప్ పెట్టుకున్న పరిమితి, కిలో ఫాస్ఫేటుకు 60 మిల్లీగ్రాములు. 50 కిలోల డీఏపీ బస్తాలో ఫాస్ఫేటు 23 కిలోలు, కాబట్టి ఆ పరిమితి దగ్గరున్న బస్తాలోనూ ఒకటిన్నర గ్రాము దాటదు. లెక్కల్లో ఉండాల్సిందే, కానీ ఎక్కడ బరువుందో కూడా కనబడుతోంది కదా.

ఒకే నీటికి మూడు తీర్పులు

లీటరుకు 0.008 మిల్లీగ్రాముల కాడ్మియం ఉన్న నీరు ఒకటి ఉందనుకోండి. తాగునీటి ప్రమాణం 0.003, కాబట్టి తాగడానికి పనికిరాదు. సాగునీటి మార్గదర్శకం 0.01, కాబట్టి పొలానికి సరే. ఇక పరిశ్రమలు నదుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటికి పర్యావరణ పరిరక్షణ నియమాల్లోని సాధారణ ప్రమాణం 2 మిల్లీగ్రాములు. సాగునీటి గీతకు 200 రెట్లు!

రెండు వైపులవాళ్లూ తమకు నచ్చిన గీత పట్టుకుని మాట్లాడటం ఇక్కడే మొదలవుతుంది. "ప్రమాణాల లోపే ఉంది" అని అధికారి చెప్పిందీ, "పరిమితికి రెండింతల పైనే" అని పత్రిక రాసిందీ ఒకే నీటి గురించి నిజం కావచ్చు. విడుదల ప్రమాణం వెనకున్న ఊహ ఏమిటంటే, వదిలిన కాస్త నీరు పెద్ద నదిలో కలిసి పలచబడుతుందని. గోదావరి ఒడ్డున ఆ ఊహ కొంత నిలుస్తుంది. ఎండాకాలం వృషభావతిలో పారేదే మురుగునీరు. పలచబరచడానికి అందులో వేరే నీరేది? నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకుంటున్న సంగతి ఇదే.

సీసం పరిమితి ఇంకా తికమక పెడుతుంది. సాగునీటిలో 5 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని అదే ఎఫ్ఏఓ పట్టిక చెబుతుంది, తాగునీటికేమో 0.01. కారణం, ఆ పట్టికలో సీసం గీత పంట పెరుగుదలకు అయ్యే నష్టాన్ని చూసి పెట్టింది. సీసం మొక్కను తొందరగా దెబ్బతీయదు. తినే మనిషి సంగతి ఆ అంకెలో లేదు.

మట్టిలో ఉన్నదంతా ఆకులోకి రాదు

సీసం మట్టిని గట్టిగా పట్టుకుంటుంది. మన ఎర్రనేలల్లోని ఇనుప ఆక్సైడ్లు దాన్ని ఇంకా బిగిస్తాయి. వేరులోకి వెళ్లిన కాస్త కూడా చాలామటుకు అక్కడే ఆగిపోతుంది. ఆకుకూరల్లో దొరికే సీసంలో చెప్పుకోదగ్గ భాగం పైన పడిన దుమ్ము, అంటిన మట్టి. అందుకే రెండు మూడు నీళ్లలో కడిగితే సీసం తగ్గుతుంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయినా, అంతకు ముందు రోడ్ల పక్కన పడిన సీసం ఆ మట్టిలోనే ఉంది, దుమ్ముగా లేస్తూనే ఉంది.

కాడ్మియం కడిగితే పోయే రకం కాదు. అది రసాయనికంగా జింకుకు దగ్గరి చుట్టం. జింకు కోసం, ఇనుము కోసం, మాంగనీసు కోసం వేరు తెరిచిన తలుపుల్లోంచే లోపలికి వచ్చేస్తుంది, కాండం ఎక్కి ఆకుల్లో చేరుతుంది. పాలకూర, తోటకూర, లెట్యూస్ లాంటివి ఎక్కువ పోగేసుకుంటాయి. టమాటా, బీన్స్ లాంటి కాయల్లోకి తక్కువ వెళ్తుంది. నేలలో జింకు బాగా తక్కువగా ఉంటే కాడ్మియం ఇంకా సులువుగా ఎక్కుతుంది.

అన్నిటినీ మించి పీహెచ్, అంటే నేల ఎంత ఆమ్లమో చెప్పే అంకె. నేల పీహెచ్ 7 నుంచి 6కు దిగిందంటే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు. అప్పటిదాకా మట్టి రేణువులకు అతుక్కున్న కాడ్మియం నీటిలోకి వదులుతుంది. ఒక పొలంలో 2 పీపీఎం కాడ్మియం ఉన్నా, సున్నపు గుణం ఉండి సేంద్రియ పదార్థం బాగుంటే, అక్కడి ఆకు పరిమితిలోనే ఉండొచ్చు. పక్కూరి ఆమ్ల నేలలో 0.8 ఉన్నా ఆకు గీత దాటొచ్చు. కోలార్, బెంగళూరు చుట్టుపక్కల ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, నల్లరేగడికున్నంత పట్టు వాటికి లేదు.

వరి మడిలో కథ తిరగబడుతుంది. నీరు నిలిస్తే కాడ్మియం గంధకంతో కలిసి బిగుసుకుంటుంది, ఆర్సెనిక్ మాత్రం వదులవుతుంది. కోతకు ముందు మడి ఆరగట్టగానే మళ్లీ కాడ్మియం లేస్తుంది. జపాన్‌లో జింజు నది కింద వరి తిన్న పల్లెల్లో ఎముకలు పెళుసై విరిగిపోయిన జబ్బుకు, ఎగువ గని నుంచి వచ్చిన కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. రోగులు నొప్పితో అరిచిన అరుపే ఆ జబ్బుకు పేరైంది, ఇటాయి-ఇటాయి. మన దగ్గర ఆ స్థాయి ఉందని చెప్పడానికి ఆధారం లేదు. దాన్ని ఇక్కడ తెచ్చింది, నది నుంచి మడికి, మడి నుంచి ఎముకకు దారి ఉందని నిరూపణ అయిందని చెప్పడానికే.

పళ్లెంలో లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎఫ్ఏఓల సంయుక్త నిపుణుల సంఘం 2010లో పెట్టిన గీత ప్రకారం కాడ్మియం నెలకు కిలో శరీర బరువుకు 25 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు) దాటకూడదు. 60 కిలోల మనిషికి రోజుకు 50 మైక్రోగ్రాములు అన్నమాట. ఆకుకూరల్లో అనుమతించిన పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు. సరిగ్గా అంత ఉన్న పాలకూర 100 గ్రాములు తింటే 20 మైక్రోగ్రాములు. రోజు కోటాలో 40 శాతం ఒక్క పప్పులోనే అయిపోయింది. మిగతాది అన్నం, గోధుమ, దుంపల వాటా. 15 కిలోల పిల్లాడి కోటా 12.5 మైక్రోగ్రాములే. వాడికి అదే కూర 50 గ్రాములు పెడితే 10.

ఒక రోజు దాటితే ఏమీ కాదు, ఇది ఏళ్ల తరబడి సగటు. కాకపోతే కిడ్నీలో చేరిన కాడ్మియంలో సగం బయటికి పోవడానికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. ఒంట్లో ఇనుము తక్కువగా ఉన్నవాళ్లు కాడ్మియం ఎక్కువగా పీల్చుకుంటారు. రక్తహీనత ఎంతమంది ఆడవాళ్లకు ఉందో మనకు తెలుసు. రక్తం పట్టాలని వాళ్లకు మనం చెప్పేది ఆకుకూరలు తినమనే. ఈ వాక్యం రాస్తుంటే నాకు మనసు బాగోలేదు. సీసానికైతే ఆ సంఘం ఉన్న గీతను కూడా అదే ఏడాది తీసేసింది, పిల్లల మెదడుకు హాని చేయని స్థాయి అంటూ చూపించలేమని.

ఎవరి వాదనలో ఎంత బలం

2023లో కర్ణాటక పర్యావరణ పరిశోధన సంస్థ ఎంప్రి, బెంగళూరు దుకాణాల్లోని కూరగాయల్లో కొన్ని లోహాలు పరిమితి మించాయని చెప్పింది. కానీ దుకాణంలో తీసిన నమూనా ఆ కూర ఏ పొలంలో పండిందో చెప్పదు. ఆ వార్త చూసి కోలార్ చెరువులను తిట్టడానికీ లేదు, వాటికి క్లీన్ చిట్ ఇవ్వడానికీ లేదు.

శుద్ధి చేసిన నీటి పథకాన్ని సమర్థించేవాళ్లు చెప్పేది: భూగర్భజలం లేచింది, ఎండిన బోర్లు పోస్తున్నాయి, మురుగులోని లోహాల్లో ఎక్కువ భాగం శుద్ధి కేంద్రంలోనే బురదతో పాటు దిగిపోతుంది. ఇది నిజం. లోహాలు మురుగులోని రేణువులకు అతుక్కుంటాయి కాబట్టి బయటికొచ్చే నీటిలో చాలా తగ్గుతాయి. మూడో దశ శుద్ధి కావాలంటున్న శాశ్వత నీరావరి హోరాట సమితి లాంటి ఉద్యమాల మాటలోనూ బలముంది. చెరువు ఒకసారి నింపి వదిలేసేది కాదు, ఏటా నిండుతూనే ఉంటుంది. చిన్న మోతాదు అయినా ఖాతాలో జమవుతుంది.

ఇక్కడ రెండు వైపులా వదిలేస్తున్న ముక్క ఒకటుంది. నీటిలోంచి దిగిన లోహం మాయం కాలేదు, బురదలో ఉంది. ఆ బురద ఎరువుగా పొలానికే వెళ్తే ముందు గుమ్మంలో ఆపింది దొడ్డి గుమ్మంలోంచి వచ్చినట్టే. మూడో దశలో సాధారణంగా ఉండే వడపోత, క్రిమిసంహారం కరిగి ఉన్న లోహం కోసం పెట్టినవి కావు. ప్లేటింగ్ యూనిట్ గోడ దాటకముందే ఆపడమే లోహం విషయంలో అన్నిటికంటే చవక.

శాస్త్రవేత్తల్లోనూ ఒక పాత తగాదా ఉంది. సేంద్రియ పదార్థం తనతో పాటే లోహాన్ని పట్టి ఉంచుతుంది, కాబట్టి ఒక స్థాయి తర్వాత పంటలోకి పెరగదని ఒక వర్గం. ఆ సేంద్రియ పదార్థం ఏళ్లకు కుళ్లిపోయాక, నేల పులిశాక, పట్టుబడ్డదంతా ఒక్కసారి వదులుతుందని రెండో వర్గం. ఏ నేలలో ఏది నిజమవుతుందో పీహెచ్ మీద, మట్టి ఖనిజాల మీద ఆధారపడి ఉంది. మన ఎర్రనేలలకు రెండో భయాన్ని కొట్టిపారేయలేమని నాకనిపిస్తోంది.

చెరువు మట్టి ప్రశ్న

ఈ లెక్కలన్నీ పట్టుకుని మళ్లీ మడివాళ వెళ్లాను. ఆమె ఓపికగా వింది. తర్వాత తనే ఒకటి అడిగింది. "ఎండాకాలం చెరువు మట్టి తోలదామంటున్నాడు మా మరిది. అది మంచిదే కదక్కా?"

చెరువు మట్టి తోలడం మన పల్లెల్లో తరాలుగా ఉన్న మంచి అలవాటు. కానీ నీటిలోంచి లోహం ఎక్కడికి దిగుతుంది? చెరువు అడుగుకే. ఎకరానికి 40 ట్రాలీలు, 120 టన్నులు తోలితే, ఆ మట్టిలో కాడ్మియం 0.5 పీపీఎం ఉంటే వచ్చేది 60 గ్రాములు. 3 పీపీఎం ఉంటే 360. మన లెక్కలోని గీత మీది నీరు పద్దెనిమిదేళ్లలో తెచ్చేదంతా ఒక్క వేసవిలో.

తోలే ముందు పరీక్ష చేయించమన్నాను. వాళ్ల మరిది చెరువులో అయిదు చోట్ల మట్టి తీసి, కలిపి, భూసార పరీక్షకు ఇచ్చాడు. పోయిన వారం ఆమె ఫోన్లో ఆ కాగితం ఫోటో చూపించింది. భూసార కార్డులో ఉండే పన్నెండు అంశాలు వరసగా ఉన్నాయి. పీహెచ్ 6.1. జింక్ తక్కువ. ఇనుము, రాగి, మాంగనీసు సరిపడా. పోషకాల లోటు చూడటానికి పెట్టిన పరీక్ష అది. కాడ్మియానికి, సీసానికి అందులో గడే లేదు.

మిగిలిన మట్టి కిలో ఒక కవర్లో కట్టి నాకిచ్చింది. గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఇవ్వాలి, "మొత్తం కాడ్మియం, సీసం, నికెల్, క్రోమియం, మొక్కకు అందే కాడ్మియం" అని విడిగా రాసి మరీ. రిపోర్టు వచ్చేదాకా ట్రాక్టర్ మాట్లాడొద్దని మరిదికి చెప్పిందట.